మాండలిక ధ్వనిముద్రణ - లినక్స్ కంప్యూటర్‌లో సౌండ్ కార్డు సమస్యలు: కోనసీమ నేపథ్యం

1. ఉపోద్ఘాతం:

వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి బాలబాలాజీ క్షేత్రంగా ప్రసిద్ధం. మాండలిక పరిశోధకునికి ఈ కోనసీమ ప్రాంతం మరో కారణంగానూ ముఖ్యమైనది. "అవునండి" అనవలసిన చోట ఇక్కడివారు పలికే "ఆయ్" అనే మాటను లిపిలో రెండక్షరాలతో రాయవచ్చు. ఆ అచ్చు ఎంతసేపు సాగింది, స్వరం ఎక్కడ లేచి ఎక్కడ దిగింది అన్నది మాత్రం ధ్వనిముద్రణలోనే దొరుకుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాల రూపాన్నీ అర్థాన్నీ భద్రపరచింది. అయితే ముద్రిత కోశం పలుకుబడిని వినిపించలేదు.

కొబ్బరి దింపు, ఒలుపు కార్మికుల మాటలను సేకరించదలచిన పరిశోధకుడు స్థానికంగా ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు వక్తను కూర్చోబెట్టాడనుకుందాం. లినక్స్ మీద అడాసిటీ, ప్రాట్ ఉచితంగా లభిస్తాయి కనుక ఆ ఎంపిక సహజం. మైకు పెట్టినా శబ్దం నమోదు కాకపోతే సౌండ్ కార్డు చెడిపోయిందన్న నిర్ణయానికి రావడం పరిపాటి. చాలా సందర్భాలలో ఆ నిర్ణయం తొందరపాటే.

2. శబ్దం నడిచే దారి:

లినక్స్‌లో కార్డుకూ అనువర్తనానికీ మధ్య రెండు అంతరాలున్నాయి. అడుగున కెర్నల్‌లోని ఆల్సా ఉంటుంది. ఇది 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నల్‌తో పాత ఓఎస్ఎస్ స్థానాన్ని ఆక్రమించింది. దానిపై ఒకే కార్డును పలు అనువర్తనాలకు పంచే శబ్ద సర్వర్ పనిచేస్తుంది. చాలాకాలం ఆ పనిని పల్స్‌ఆడియో చేసింది. 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్‌ను స్వీకరించాక ఇతర పంపిణీలూ అటు మళ్లాయి. పాత సలహాలు కొత్త యంత్రంపై పనిచేయకపోవడానికి ఈ మార్పు ఒక ముఖ్య కారణం.

అందువల్ల పరిశీలన అడుగు నుంచి పైకి సాగాలి. ఏప్లే ఆదేశానికి హైఫన్, చిన్న ఎల్ అక్షరం జోడించి ఇస్తే ఆల్సా గుర్తించిన కార్డుల పట్టిక వస్తుంది. అందులో కార్డు లేకపోతే సమస్య డ్రైవర్‌దో, ఫర్మ్‌వేర్‌దో, బయాస్‌లో కార్డును నిలిపివేయడమో అయి ఉంటుంది. కార్డు కనిపిస్తే ఆల్సామిక్సర్ తెరవాలి. ఎఫ్6తో కార్డును ఎంచుకోవచ్చు. ఎఫ్4 మైకు వైపు నియంత్రణలను చూపుతుంది. స్పీకర్ పట్టీ కింద "ఎంఎం" అని కనిపిస్తే అది మూగబోయి ఉన్నట్టు; ఎం మీట నొక్కితే తెరుచుకుంటుంది.

ఇక్కడా దోషం కనబడకపోతే పై అంతరాన్ని చూడాలి. గ్రాఫిక్స్ కార్డులోని హెచ్‌డీఎంఐ కూడా ఒక శబ్ద పరికరమే. సర్వర్ దానిని ప్రధానంగా ఎంచుకుంటే, స్పీకర్లు లేని మానిటర్ వైపు ధ్వని పోయి వినేవారికి నిశ్శబ్దమే మిగులుతుంది. కోనసీమ ఉప్పుగాలిలో జాక్‌లకు తుప్పు పట్టడాన్నీ గమనించాలి. ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ ఉన్నదని కార్డు పొరబడితే ఆటో-మ్యూట్ స్పీకర్లను ఆపివేస్తుంది. ఆల్సామిక్సర్‌లో ఆ సదుపాయాన్ని తొలగించి చూస్తే విషయం తేలుతుంది.

3. వినిపించినా నమ్మరాని ధ్వని:

శబ్దం అసలే రాకపోవడం పరిశోధనకు పెద్ద ప్రమాదం కాదు. లోపం వెంటనే తెలుస్తుంది. శబ్దం వచ్చీ తప్పుగా రావడమే ప్రమాదం. అడాసిటీలో మైకుకు బదులు "మానిటర్" అనే మూలాన్ని ఎంచుకుంటే, వక్త మాట కాక కంప్యూటర్ తాను వినిపిస్తున్న ధ్వని నమోదవుతుంది. కొబ్బరి దింపులో జీవితం గడిపిన వృద్ధుని గంట సంభాషణ ఖాళీ ఫైలుగా మిగలడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

విద్యుత్ హోరు ఇంతకంటే సూక్ష్మమైన దోషం. భారతదేశంలో విద్యుత్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేనిచోట ఆ హోరు 50తో పాటు 100 హెర్ట్జ్ వద్దా రికార్డులో చేరుతుంది. పురుషుల కంఠస్వరపు మూల పౌనఃపున్యం తరచుగా 100 హెర్ట్జ్ పరిసరాలలోనే ఉంటుంది. ప్రాట్ గీసే స్వరరేఖ అప్పుడు మనిషి గొంతును చూపుతున్నదా, గోడలోని తీగను చూపుతున్నదా అన్నది అనుమానాస్పదమవుతుంది. "ఆయ్" స్వరపతనాన్ని కొలిచే వ్యాసానికి ఇది ఆధారాన్నే దెబ్బతీసే లోపం. మైక్ బూస్ట్ పెంచితే గొంతుతో పాటు హోరూ పెరుగుతుంది. బూస్ట్ తగ్గించి, మైకును నోటికి దగ్గరగా జరపడం మేలు. మదర్‌బోర్డు నుంచి వచ్చే రొదను తప్పించడానికి యూఎస్‌బీ సౌండ్ కార్డు తోడ్పడుతుంది.

ముద్రణను తిరిగి వింటున్నప్పుడు మొదటి అక్షరం మింగుడుపడినట్టు తోస్తే ఫైలును అనుమానించనవసరం లేదు. విద్యుత్ ఆదా కోసం నిద్రించిన కార్డు మేలుకోవడానికి పట్టే క్షణం అది కావచ్చు. డ్రైవర్‌లోని పవర్-సేవ్ విలువను సున్నా చేసి మళ్లీ వినాలి.

వక్తను పలకరించే ముందు పది సెకన్ల నిశ్శబ్దాన్ని నమోదు చేసి ప్రాట్‌లో చూడటం అవసరం. ఆ నిశ్శబ్దంలో స్వరరేఖ కనిపిస్తే, అది ఆ గదిదో యంత్రానిదో తేలేవరకు సంభాషణ మొదలుపెట్టకూడదు. ఆ పది సెకన్ల ఫైలును కూడా సేకరణతో పాటే భద్రపరచాలి.