గడ్డిమైదానపు అక్కాచెల్లెళ్లు

వీణను ఒళ్లో నిలువుగా నిలబెట్టి వాయిస్తే ఎలా ఉంటుంది? చైనావారి పీపాను చూడగానే నాకొచ్చిన ఊహ అదే. నిలువునా సగానికి కోసిన బేరిపండు ఆకారం, నాలుగు తీగలు, వరసగా మెట్లు. కుడిచేతి అయిదు వేళ్లకూ కృత్రిమ గోళ్లు కట్టుకుని మీటుతారు. బయటికి మీటితే 'పీ', లోపలికి మీటితే 'పా'. పేరు అలాగే వచ్చిందని చైనాలో ఓ ప్రాచీన నిఘంటువు చెబుతుంది.

ఇంత సున్నితమైన వాద్యం వయొలిన్లు, బాకాలు, డ్రమ్ముల మధ్య నిలబడుతుందా? చిన్నప్పుడు వీణ నేర్చుకున్నదాన్ని కదా, నాకు అనుమానమే. 1979 నాటి ఓ రికార్డింగు వినేదాకా! ఆ ఏడాది మార్చిలో సీజీ ఒజావా నాయకత్వంలో అమెరికాలోని బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా చైనా వెళ్లింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అక్కడ పాశ్చాత్య సంగీతంపై నిషేధం ఉండేది. అలాంటి చోట రెండు దేశాల కళాకారులూ కలిసి బీథోవెన్ అయిదో సింఫనీ వాయించారు. ఆ పర్యటనలోనే లియు దెహాయ్ ఆర్కెస్ట్రాతో కలిసి పీపా వినిపించారు.

ఆ రచన పేరు 'గడ్డిమైదానపు చిన్నారి అక్కాచెల్లెళ్లు'. 1970ల మొదట్లో లియు, మరో ఇద్దరు స్వరకర్తలు కలిసి కూర్చారు. దాని వెనక నిజంగా జరిగిన కథ ఉంది. 1964 ఫిబ్రవరిలో ఇన్నర్ మంగోలియాలో లోంగ్‌మే, యురోంగ్ తండ్రికి బదులు కమ్యూన్ గొర్రెలను మేపడానికి వెళ్లారు. అక్కకు పదకొండేళ్లు, చెల్లికి తొమ్మిది. మంచు తుపాను విరుచుకుపడింది. మందను వదలకుండా పగలూ రాత్రీ దాని వెంటే నడిచారు. 384 గొర్రెల్లో చచ్చినవి మూడే. కానీ అక్క కాలి బొటనవేలు పోయింది. చెల్లికి రెండు పాదాలూ తీసేయాల్సి వచ్చింది.

తుపాను ఘట్టంలో ఆర్కెస్ట్రా అంతా హోరెత్తిపోతుంటే నాలుగు తీగల పీపా అయిదు వేళ్లతోనూ ఎదురు నిలుస్తుంది. నా అనుమానం అక్కడే తీరిపోయింది. చివరి భాగం పేరు మాత్రం ఎర్రపూలు ఎల్లెడలా పూయడం. అంతా ఆనందమే! అది వింటుంటే నా మనసు పూల మీదికి పోలేదు, ఆ పాదాల దగ్గరే ఆగిపోయింది.

దేశం వాళ్లను వీరబాలికలంది. 1965లో కార్టూన్ సినిమా కూడా తీశారు. యురోంగ్ పెద్దయ్యాక ఇన్నర్ మంగోలియా వికలాంగుల సమాఖ్యలో బాధ్యతలు చేపట్టింది. మెచ్చుకోవాల్సిందే. అయితే, ''మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో! ఇంటి బరువంతా తనే మోస్తుంది'' అని మురిసిపోవడం మనకూ అలవాటే కదా! ఆ బరువు ఆ పసిదానికి ఎంతన్నది ఎప్పుడైనా అడుగుతామా?

ఈ సంగీతం దొరికితే తప్పక వినండి. పిల్లలకూ వినిపించి కథ చెప్పండి. గొర్రెల లెక్కతో ఆపేయకండి, పాదాల సంగతీ చెప్పండి.