చిలుక రెట్ట చెప్పే ఆరోగ్యం

పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలిసిందే. పంజరంలోని పక్షి విషయంలోనూ మన బాధ్యత అంతే. రామచిలుకను పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. మన ఆమదాలవలస ఇళ్లలో పెంచుకునే లవ్‌బర్డ్స్, కాకటీల్ కూడా చిలుక జాతివే. వాటి కడుపు సంగతి పంజరం అడుగున పరిచిన కాగితమే చెబుతుంది.

పక్షులకు మలమూత్రాలు ఒకే ద్వారం నుంచి వస్తాయి. అందుకే రెట్టలో మూడు భాగాలు కనిపిస్తాయి: ఆకుపచ్చ మలం, సున్నంలాంటి తెల్లని మూత్ర పదార్థం, నీరు. జామ, పుచ్చకాయ తిన్ననాడు నీరు పెరుగుతుంది. అది విరేచనం కాదు. బీట్‌రూట్ తింటే రెట్ట ఎర్రబడుతుంది. తిండి మారకుండానే రంగు మారినా, తెల్లభాగం పసుపురంగుకు తిరిగినా, గింజలు అరగకుండా పడినా వెంటనే పశువైద్యునికి చూపించాలి. రెట్ట బాగా తగ్గితే పక్షి తినడం లేదన్నమాట.

ముద్దుగా పాలన్నం పెట్టకండి. పాలలోని చక్కెర పక్షులకు అరగదు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ తక్కువ. కొర్రలతోపాటు మునగాకు, క్యారెట్ తురుము, రోజూ మార్చిన మంచినీళ్లు ఇవ్వాలని మేము కోరుతున్నాం.

మనం నాటిన చెట్టు పండు పక్షి తిన్నా సదఖాయే అని నమ్మేవాళ్లం మనం. మన చేతిలో ఉన్న పక్షికి సరైన తిండి పెట్టడం అంతకన్నా ముందు పని.