పట్టిసీమ ఆర్కిటిక్‌కు చేరే దారి

గోదావరి పాపికొండల ఇరుకు దాటి, పోలవరం దగ్గర విశాలమై మైదానంలోకి దిగే చోట పట్టిసీమ ఉంది. నది నడుమ కొండ మీద వీరభద్రస్వామి గుడి, కుడి ఒడ్డున 24 పంపులతో సెకనుకు 240 ఘనపు మీటర్ల నీటిని, అంటే దాదాపు 8,500 క్యూసెక్కులను, పోలవరం కుడి కాలువలోకి ఎత్తి కృష్ణ వైపు పంపే ఎత్తిపోతల పథకం ఉన్నాయి. భూగోళం మీద ఈ ఊరి ఉనికి సుమారు 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.6 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ రెండు అంకెలను తారుమారుగా చదివితే పట్టిసీమ స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ మహాసముద్రంలో పడుతుంది. పటాల ఫైలును చదివే ప్రోగ్రాం అలాంటప్పుడు ఆగదు, హెచ్చరించదు. చెప్పిన చోట చుక్క పెట్టి తన పని ముగిస్తుంది. ఫైల్లోంచి అంకెలను బయటికి తీయడం ఏ డిగ్రీ విద్యార్థి అయినా ఒక పూటలో నేర్చుకోగలడు. ఆ అంకెలు ఏ చోటును చెబుతున్నాయో తేల్చుకోవడం వేరే పని. ఆ రెండో పనికి కావలసిన తెలివి ఫైల్లో పూర్తిగా ఉండదు, ప్రోగ్రాంలో అసలే ఉండదు. ఆ నేల తెలిసినవాళ్ళు దాన్ని అందులో పెట్టాలి.

ముందుగా వరస సంగతి చూద్దాం. నావికులకు అక్షాంశం ఎప్పటినుంచో అందుబాటులో ఉంది. ధ్రువ నక్షత్రం ఎత్తో, మిట్టమధ్యాహ్నపు సూర్యుడి ఎత్తో కొలిస్తే చాలు. సముద్రం మీద రేఖాంశాన్ని నమ్మకంగా కట్టడం పద్దెనిమిదో శతాబ్దంలో మంచి గడియారాలు వచ్చాకే కుదిరింది. అక్షాంశాన్ని ముందు చెప్పే అలవాటు వాళ్ళది; ఐఎస్ఓ 6709 ప్రమాణం కూడా అదే వరస పాటిస్తుంది. గ్రాఫు కాగితం మీద లెక్క చేసేవాళ్ళకు అడ్డంగా కొలిచేది ముందు, నిలువుగా కొలిచేది తర్వాత. ఆ లెక్కన తూర్పు పడమరలు చెప్పే రేఖాంశమే ముందు రావాలి. పటాల ఫైళ్ళలో చాలా రకాలు ఈ రెండో దారి పట్టాయి. 2016లో ప్రమాణంగా వెలువడిన జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్‌లోనూ అంతే. ఎస్రీ సంస్థ తెచ్చిన షేప్‌ఫైల్‌లోనూ అంతే. జీపీఎస్ పరికరాలు రాసే జీపీఎక్స్ ఫైలు మాత్రం ఏది అక్షాంశమో ఏది రేఖాంశమో పేరు పెట్టి చెబుతుంది కాబట్టి అక్కడ తికమక లేదు. మన ఫోన్లలోని పటం అక్షాంశాన్ని ముందు చూపిస్తుంది. ఫోన్లో కనబడిన రెండు అంకెలను అదే వరసలో జియోజేసన్ ఫైల్లోకి ఎక్కించిన క్షణంలో ఊరు ధ్రువ ప్రాంతానికి తరలిపోతుంది.

ఇలాంటి పొరపాటును పట్టే తనిఖీ ఒకటి పాఠ్యపుస్తకాల్లో ఉంది: అక్షాంశం ఎప్పుడూ 90 దాటదు, దాటితే తప్పు. పశ్చిమ అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల్లోని ఊళ్ళకు ఇది పనిచేస్తుంది. అక్కడి రేఖాంశాలు అంకె పరిమాణంలో 90కి మించుతాయి కనుక తారుమారు కాగానే దొరికిపోతాయి. గువాహటి రేఖాంశం 91 దాటుతుంది, అదీ దొరుకుతుంది. తెలుగు నేల రేఖాంశాలు 76కు 85కు మధ్య ఉండటంతో ఈ వల మనల్ని పట్టదు. 81.6 అనేది అక్షాంశంగా కూడా చెల్లే అంకె. హైదరాబాద్ కథ ఇంకా చిత్రం: 17.4, 78.5 తిరగబడితే చుక్క సముద్రంలో కూడా పడదు. స్వాల్‌బార్డ్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి గట్టి నేల మీద, లాంగ్‌ఇయర్‌బియన్ పట్టణానికి 50 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. నేల మీద ఉందా, నీళ్ళలో ఉందా అని అడిగే తనిఖీ కూడా దాన్ని వదిలేస్తుంది. ప్రపంచమంతటికీ కుట్టిన తనిఖీ మనకు సరిపోకపోతే మన నేలకు తగిన తనిఖీ మనం రాసుకోవాలి. అది కష్టం కూడా కాదు. భారతదేశం అక్షాంశాలు 38 దాటవు, రేఖాంశాలు 68కి తగ్గవు. కాబట్టి దేశంలో ఎక్కడైనా రెండు అంకెల్లో చిన్నది అక్షాంశం, పెద్దది రేఖాంశం. ఒక్క వాక్యంలో పట్టే ఈ నియమం ప్రపంచమంతటికీ రాసిన ప్రోగ్రాంలో ఉంటుందని ఆశించలేం. మన విద్యార్థి రాసే ప్రోగ్రాంలో మొదటి తనిఖీ ఇదే కావాలి.

వరస కుదిరాక ఆకారాలు వస్తాయి. జియోజేసన్ ఫైలు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. పైథాన్‌తో తెరిచి, ఒక్కో అంశం జ్యామితిని అడిగి, అందులోని అంకెల జాబితాను తీసుకుంటాం. గుడి ఒక బిందువైతే జాబితా ఒకే పొర. కాలువ ఒక గీత అయితే బిందువుల జాబితా. నది, చెరువు, మండలం వంటి బహుభుజి అయితే జాబితాలో జాబితా: మొదటి వలయం బయటి సరిహద్దు, ఆ తర్వాత వచ్చే వలయాలు లోపలి ఖాళీలు. తొందరలో రాసిన ప్రోగ్రాములు మొదటి వలయం చదివి ఆపేస్తుంటాయి. ఏ దేశపు సరిహద్దుకో అలా చదివితే పెద్ద నష్టం కనబడదు. గోదావరిని అలా చదివితే నది లోపలి వలయాలన్నీ పోతాయి. ఆ వలయాలే లంకలు, పట్టిసీమ కొండ. గుడి ఉన్న చోటును కూడా ప్రోగ్రాం నీరుగానే లెక్కిస్తుంది. వలయంలో మొదటి బిందువూ చివరి బిందువూ ఒకటే అయి ఉండాలన్న నియమం మరో చిక్కు: అన్ని బిందువులకూ సగటు కట్టి మధ్య బిందువు అనుకుంటే మొదటిది రెండుసార్లు లెక్కకొస్తుంది, వంపులు ఎక్కువున్న ఒడ్డు వైపు సగటు జారిపోతుంది.

వరసా ఆకారమూ సరిగ్గా ఉన్నా అంకె ఇంకా పూర్తి కాదు. గాదెలో మూడు ఉన్నాయి అంటే మూడు కుంచాలా, మూడు బస్తాలా అని ఎవరైనా అడుగుతారు, 17.2 డిగ్రీలు అన్నప్పుడు ఏ భూమి నమూనా మీద అని అడిగేవారు తక్కువ. భూమి ధ్రువాల దగ్గర అణిగిన గోళం. దాని కొలతల గురించి ఒక్కో కాలం ఒక్కో లెక్క వాడింది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రిభుజీకరణ సర్వే నుంచి వచ్చిన పటాలు ఎవరెస్ట్ 1830 నమూనా మీద నిలిచాయి. అందులో భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 63,77,276 మీటర్లు. నేటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నమూనాలో అది 63,78,137 మీటర్లు. వ్యాసార్ధంలోనే 861 మీటర్ల తేడా, దాని పైన కేంద్రం ఉన్న చోటులో తేడా. రెండూ కలిసి గోదావరి జిల్లాల్లో ఒకే బిందువును రమారమి 200 మీటర్లు పక్కకు జరుపుతాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో పట్టిసీమ ప్రాంతం 65జి షీటులో ఉంటుంది. 17 నుంచి 18 డిగ్రీల అక్షాంశం, 81 నుంచి 82 డిగ్రీల రేఖాంశం దాని పరిధి. అలాంటి పాత షీటు నుంచి గీసిన ఒడ్డునూ, జీపీఎస్‌తో తీసిన పంపుహౌస్ బిందువునూ మార్పిడి లేకుండా ఒకే తెర మీద పెడితే పంపుహౌస్ తన చోటు తప్పి కనబడుతుంది. 2005 జాతీయ పటాల విధానం ప్రజలకిచ్చే ఓపెన్ సిరీస్ పటాలను డబ్ల్యూజీఎస్ 84 మీదికి మార్చింది. అంతకుముందు గీసినవీ, వాటినుంచి కంప్యూటర్లోకి ఎక్కించినవీ ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

కొన్ని ఫైళ్ళలో డిగ్రీలే ఉండవు, మీటర్లు ఉంటాయి. యూటీఎం పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తారు. పట్టిసీమ 44వ పట్టీలో పడుతుంది. అక్కడ దాని తూర్పు అంకె 5 లక్షల 60 వేల మీటర్ల పైచిలుకు, ఉత్తర అంకె 19 లక్షల చుట్టూ వస్తుంది. ఇంత పెద్ద అంకెలు కనబడితే డిగ్రీలు కావని వెంటనే తెలుస్తుంది. ఏ పట్టీవో మాత్రం అంకెల వల్ల తెలియదు, ఎందుకంటే ప్రతి పట్టీలోనూ ఇవే అంకెలు మళ్ళీ వస్తాయి. ఒక్క ఆంధ్రప్రదేశే మూడు పట్టీల్లో పడుతుంది: అనంతపురం 43లో, రాజమహేంద్రవరం 44లో, ఇచ్ఛాపురం 45లో. షేప్‌ఫైల్ అన్నది నిజానికి కొన్ని ఫైళ్ళ కట్ట. అందులో పీఆర్‌జే అనే చిన్న ఫైలు ఈ సంగతి చెబుతుంది. పంపేవారు దాన్ని వదిలేసి మిగతావి పంపితే చదివేవారు ఊహించుకోవలసిందే. జియోపాండాస్ వంటి పైథాన్ ఉపకరణంలో ఇందుకు రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి ఫలానా పద్ధతి అని చీటీ అంటిస్తుంది, అంకెలను ముట్టదు. రెండోది అంకెలను నిజంగా మారుస్తుంది. మొదటిది వాడవలసిన చోట రెండోదాన్నో, రెండోది వాడవలసిన చోట మొదటిదాన్నో వాడటం కొత్తవాళ్ళు తరచూ చేసే తప్పు.

మూడో అంకె, ఎత్తు, మరీ మోసకారి. జియోజేసన్ ప్రమాణం ప్రకారం అది డబ్ల్యూజీఎస్ 84 నమూనా ఉపరితలం నుంచి కొలిచిన ఎత్తు. కేఎంఎల్‌లో సముద్ర మట్టం నుంచి కొలిచినది. దక్షిణ భారతంలో ఈ రెండు ఉపరితలాల మధ్య పదుల మీటర్ల తేడా ఉంది. సముద్ర మట్టం నమూనాకు దిగువన ఉంటుంది. అందుకే సముద్రానికి పైనున్న కోనసీమ ఊరు కూడా మొదటి లెక్కలో మైనస్ అంకెతో కనబడుతుంది. వరద నీరు ఎంత ఎత్తుకు వస్తుందో లెక్కించే చోట ఒక ఫైలు ఎత్తులను మరో ఫైలు ఎత్తులతో అలాగే పోల్చితే ఫలితానికి అర్థం ఉండదు.

ఇదంతా ఉపకరణాలే చూసుకుంటాయి కదా, రాసేవాడికి ఎందుకీ భారం అని ఎవరైనా అడగవచ్చు. చాలామటుకు చూసుకుంటాయి, ఆ మాట నిజం. అయితే పటాల సాఫ్ట్‌వేర్‌లో చాలాభాగానికి పునాది అయిన జీడాల్ 2019లో మూడో వెర్షన్‌కు మారినప్పుడు, ఒక్కో పద్ధతికి అధికారికంగా ఏ వరస ఉందో దాన్నే పాటించడం మొదలుపెట్టింది. ఈపీఎస్‌జీ 4326 అనే సంఖ్యతో పిలిచే మామూలు డిగ్రీల పద్ధతికి అధికారిక వరస అక్షాంశం ముందు. అంతవరకు రేఖాంశం ముందు వస్తుందని నమ్మి రాసిన ప్రోగ్రాములు, ఒక్క అక్షరం మారకుండానే, తారుమారు ఫలితాలు ఇవ్వగలిగే స్థితి వచ్చింది. కొత్త వరస ప్రమాణం ప్రకారం సరైనదే, పాతది అలవాటు ప్రకారం సరైనదే. ఉపకరణం తన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినా మన చుక్క తప్పు చోట పడవచ్చని దీనివల్ల తేలుతోంది. ఆ తప్పును కనిపెట్టేది నియమం కాదు, ఊరు ఎక్కడుందో తెలిసిన కన్ను.

రెండో అభ్యంతరం: పటం మీద 200 మీటర్లు ఎంత, దానికింత రాద్ధాంతమా? దేశం మొత్తాన్ని ఒక పేజీలో చూపించే పటానికి ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ ఎకరం చతురస్రమైతే దాని భుజం 64 మీటర్లు. 200 మీటర్లంటే వరసగా మూడు ఎకరాల పొలాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్థిర కేంద్రాలతో హద్దులు కొలుస్తోంది. అంత సూక్ష్మంగా కొలిచిన హద్దును పాత నమూనా మీది గ్రామ పటంతో మార్పిడి లేకుండా కలిపితే ఒకరి పొలం మరొకరిది అవుతుంది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో ఏ ఇల్లు మునుగుతుందో చెప్పాల్సిన పటానికి ఒక గట్టు అవతలా ఇవతలా అన్న తేడాయే సర్వస్వం. పైగా తప్పులు 200 మీటర్లతో ఆగవు. 17 డిగ్రీల 12 నిమిషాలంటే 17.2 డిగ్రీలు. దాన్ని 17.12 అని ఎక్కిస్తే ఊరు దక్షిణానికి 9 కిలోమీటర్లు జరుగుతుంది. రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే ఒక్కో దిశలో అర కిలోమీటరు దాకా తేడా రావచ్చు. నది నడుమ గుడిని ఒడ్డెక్కించడానికి అది చాలు. నాలుగు స్థానాలుంటే పది పదకొండు మీటర్ల లోపు, ఆరు స్థానాలుంటే జానెడు లోపు ఉంటాం.

మూడో వాదన కొంచెం బలమైనది: ఊరు తెలిసినవాళ్ళను నమ్ముకుంటే వేల ఊళ్ళున్న ఫైలును ఎవరు చూస్తారు? వేలూ చూడనక్కర్లేదు. ఇక్కడ చెప్పిన తప్పుల్లో వరస, నమూనా, పట్టీ తప్పులు ఫైలు మొత్తాన్ని ఒకే తీరుగా జరుపుతాయి. అందుకే గట్టిగా తెలిసిన రెండు మూడు చోట్లు చాలు: పట్టిసీమ గుడి, ధవళేశ్వరం ఆనకట్ట, రాజమహేంద్రవరం వంతెన సరైన చోట పడ్డాయా అని ఉపగ్రహ చిత్రం మీద చూస్తే మిగతావి చాలావరకు తేలిపోతాయి. విడివిడిగా వచ్చే తప్పులకు ప్రోగ్రాంలోనే హద్దు రాయాలి: ఆంధ్రప్రదేశ్ ఊరైతే అక్షాంశం 12కు 20కి మధ్య, రేఖాంశం 76కు 85కు మధ్య లేకపోతే ఆగిపోవాలి. రెండూ సున్నాలైతే అది ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలోని బిందువు. ఎవరో గడి ఖాళీగా వదిలేశారని అర్థం. ఫైలు ఏ తేదీదో కూడా అడగాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు పట్టిసీమ పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. అంతకుముందు సరిహద్దుల ఫైలుతో చూస్తే అంకెలన్నీ సరిగ్గా ఉన్నా జిల్లా పేరు తప్పు వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఫిబ్రవరి 2021 మార్గదర్శకాలు, 2022 డిసెంబరు జాతీయ భూప్రాదేశిక విధానం పటాల సమాచారాన్ని దేశంలో చాలామందికి అందుబాటులోకి తెచ్చాయి. ఇక బాధ్యత పంచేవారిదీ, చదివేవారిదీ. ఫైలు పంచే కార్యాలయం వరస, నమూనా, పట్టీ, ఎత్తు దేని నుంచి, ఏ తేదీ నాటిది అన్న అయిదు సంగతులను ఒక్క పేరాగా దానితో జతచేయాలి. ప్రోగ్రాం రాసే విద్యార్థి మొదటి బిందువును తెర మీద పెట్టడానికి ముందే తన ఊరి అక్షాంశ రేఖాంశాలను అందులో పరీక్షగా రాసి పెట్టుకోవాలి. ఆ ఊరు తన చోట పడేదాకా మిగతా ఏ ఫలితాన్నీ నమ్మకూడదు.