అద్దానికి అవతలి మంచు

దుబాయ్‌లోని మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో ఒక పెద్ద అద్దం ఉంది. అద్దానికి అవతల మంచు. 2005లో తెరిచిన స్కీ దుబాయ్ అది. నాలుగొందల మీటర్ల జారుడు వాలు, ఎండాకాలంలో బయట నలభై అయిదు డిగ్రీలు మండుతున్నా లోపల సున్నాకు దిగువనే చలి. ఇవతల నిలబడి చూడటానికి మాత్రం పైసా అక్కర్లేదు. సారంగాపూర్ మండలంలోని మా చిన్నాయన కొడుకు పదకొండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఆ అద్దం దగ్గరికి పోయి వీడియో కాల్ చేసేవాడు. ఇక్కడ పిల్లలు ఫోన్ మీద పడి చూసేవాళ్లు. లోపలికి ఒక్కసారి కూడా పోలేదు. ‘‘ఆ టికెట్ పైసలు పంపితే ఇంట్ల నెల సరుకులొస్తయన్నా’’ అనేవాడు.

కిందటి చలికాలం రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు ఒకే మాట అన్నాడు: పిల్లలకు అసలు మంచు చూపించాలి, స్కీయింగ్ నేర్పించాలి. ఎక్కడికి పోదామన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది. తమ్ముడిది కశ్మీర్‌లోని గుల్మార్గ్, చిన్నమ్మది ఔలీ.

చిన్నమ్మ కారణం గట్టిది. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలో ఉన్న ఔలీకి జోషీమఠ్ మీదుగానే పోవాలి. శంకరాచార్యుల మఠం ఉన్న ఊరు, నరసింహస్వామి గుడి ఉన్న ఊరు. చలికాలం బదరీనాథ్ గుడి తలుపులు మూస్తే పూజలు జరిగే చోట్లలో అదొకటి. ధర్మపురి నరసింహుడికి మొక్కకుండా ఏ పనీ మొదలుపెట్టని మనిషికి అంతకంటే ఏం కావాలి? పైగా సంజీవని కోసం పోతూ హనుమంతుడు ఔలీలో ఆగాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ సంజీవని కొండ ముక్క జారిపడిందే మన కొండగట్టు అని ఇక్కడ మనం చెప్పుకుంటాం. ‘‘రెండు కొండలు ఒక్కటే బిడ్డా, పోయి చూసి రావద్దా?’’ అన్నది చిన్నమ్మ. నాకు ఆ మాట చాలా నచ్చింది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఔలీ మంచి చోటే. సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల ఎత్తు దాకా పరుచుకున్న వాలు, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం రోజుల కోర్సులు నడుపుతుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు ఇక్కడే జరిగాయి. మంచు తక్కువైతే తయారు చేసి చల్లడానికి యంత్రాలు తెచ్చిందీ ఆ పోటీల కోసమే. అయితే ఆ యంత్రాలకు కూడా గడ్డకట్టే చలి ఉండాలి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి వందలాది ఇళ్లు బీటలు వారాయి. ఊరి నుంచి ఔలీకి ఉన్న నాలుగు కిలోమీటర్ల రోప్‌వే అప్పుడే ఆగింది. పగుళ్ల మీద బతుకుతున్న ఆ ఊరిని తలుచుకుంటే సెలవుల మాట ఎత్తడానికి మనసు వెనకాడుతుంది. కానీ ఆ ఊరి వాళ్ల తిండి కూడా వచ్చిపోయే వాళ్ల మీదే ఆధారపడింది.

గుల్మార్గ్‌ది మరో బాధ. 2025 ఏప్రిల్ 22న అదే కశ్మీర్‌లోని పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు. ‘‘గంత దూరం, గా భయంల మనకెందుకు?’’ అని కోరుట్ల నుంచి మరదలు వాళ్లమ్మ ఫోన్లు. ఆ భయాన్ని తప్పుపట్టలేను.

చివరికి తేల్చింది భయమూ కాదు, భక్తీ కాదు. యాసంగి.

మా దగ్గర మంచు కాలమూ నాట్ల కాలమూ ఒక్కటే. జనవరి అంతా నాట్లు. అవి కాగానే పసుపు తవ్వకం, ఉడకబెట్టుడు, కల్లంలో ఆరబోసుడు. సంక్రాంతి సెలవులు చూస్తే ఆరేడు రోజులు. రామగుండంలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రిషికేశ్, ఆపైన 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు: పోనురానే సెలవులన్నీ అయిపోతాయి. ఇంటికి ఖాళీ దొరికేది నాట్లు అయ్యాక, తవ్వకం జోరందుకోకముందు, ఫిబ్రవరిలోనే. ఆలస్యమై నెలాఖరుకు జరిగితే ఔలీలో మంచు కరగడం మొదలైపోవచ్చు. గుల్మార్గ్‌లో కింది మైదానమే 2,650 మీటర్లు. అక్కడి కేబుల్ కారు గోండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. అక్కడ మార్చిలోనూ మంచు నిలుస్తుంది.

నిలుస్తుందన్నా గ్యారంటీ లేదు. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు మొహం చాటేస్తే గుల్మార్గ్ కూడా ఎండిపోతుంది. 2024 జనవరి చాలావరకు అక్కడ ఎండుగడ్డే కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. వానల కోసం మొగులు చూసే మనవాళ్లకు ఆ ఎదురుచూపు కొత్త కాదు. అందుకే తమ్ముడికి ఒకటే చెప్పాను: టికెట్లు ముందే తీసుకో, పోయే వారం ముందు మాత్రం మంచు పడిందా లేదా అని హోటల్‌వాళ్లను అడుగు.

ఫిబ్రవరి చివరి వారంలో గుల్మార్గ్‌కే బయల్దేరాం. శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్లు. దారిలో తంగ్‌మార్గ్‌లో పొడుగు కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిస్తారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి ఒక్కడే పోయాడు, ఆరిఫ్ ఖాన్. ఈ చుట్టుపక్కల మంచులోనే పెరిగాడు. గోండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పైదశ గాలికి ఆగిపోతుంటుంది. మూడొందల మీటర్ల ఎత్తు కూడా లేని ఊరి నుంచి పోయినవాళ్లం కాబట్టి చిన్నమ్మను మొదటి దశ, కొంగ్డూరీ దగ్గరే ఆపాం. కాంగ్డీ కుంపటి ఒళ్లో పెట్టుకుని కహ్వా చాయ్ తాగుతూ కూర్చుంది. ‘‘మన కుంపటి లెక్కనే ఉన్నది’’ అని దాని అల్లికను వేళ్లతో తడిమి తడిమి చూసింది.

పిల్లలకు కింద చిన్న వాలు మీద పాఠం. బూటు మడమ ‘టక్’ మని పట్టుకునేదాకా తొక్కాలి. ఆ బూటుతో నడిస్తే కాలు మనది కాదనిపిస్తుంది. ఆగాలంటే రెండు పలకల ముందు కొనలు దగ్గరికి తెచ్చి మడమలు బయటికి తొయ్యాలి. పెద్దోడు మూడుసార్లు పడి, నాలుగోసారి ఆగాడు. చిన్నది ఆగలేదు, నేరుగా వాళ్ల నాన్న కాళ్ల మీదికొచ్చి పడింది. ఇద్దరూ బోర్లాపడ్డారు.

తమ్ముడు వెంటనే లేవలేదు. చేతి తొడుగు తీసేసి, వట్టి అరచెయ్యి మంచు మీద ఆనించి, చాలాసేపు అట్లనే ఉంచాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. ‘‘తియ్ బాపూ, కాలుతది’’ అంది పాప.

జోషీమఠ్ బాకీ ఉంది. బదరీనాథ్ తలుపులు తెరిచాక, పసుపు అమ్ముడుపోయాక, ఎండాకాలంలో చిన్నమ్మతో నేను పోతాను. తమ్ముడప్పటికి దుబాయ్‌లో ఉంటాడు. గుడి మెట్ల మీది నుంచి ఈసారి నేనే వీడియో కాల్ చెయ్యాలని ఇప్పుడే మాట తీసుకున్నాడు.