పైపొర మారితే విషం పోతుందా?

మన ఊళ్లలో రేకుల షెడ్డు అంటే చాలావరకు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులే. వాటిలో కలిసేది క్రిసోటైల్ అనే తెల్ల రాతినార (ఆస్బెస్టాస్). ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ దీన్ని తవ్వారు. రాతినార రకాలన్నీ క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. అయినా రసాయనాలతో నార పైపొరను మార్చేస్తే విషం పోతుంది కదా, నిషేధం దేనికి అని అడిగేవాళ్లున్నారు. ఆ ఆశకు కొంత ఆధారం ఉంది. ఆధారాలన్నీ కలిపి చూస్తే మాత్రం తేలేది వేరు: పైపొర మార్చడం చాలదు, నారే మిగలకూడదు.

క్రిసోటైల్ పోగు చుట్టిన చాపలాంటిది. లోపలివైపు సిలికా, బయటివైపు మెగ్నీషియం హైడ్రాక్సైడ్. ఆ బయటి పొరది ధనావేశం, ఎర్ర రక్తకణాల పైపొరది రుణావేశం. ప్రయోగశాలలో రెండూ కలిస్తే కణాలు చిట్లిపోతాయి. ఆమ్లంతో మెగ్నీషియాన్ని కడిగేస్తే ఈ చేటు బాగా తగ్గుతుంది. ఆక్జాలిక్ ఆమ్లంలో నానబెట్టిన నారను ఎలుకల ఛాతీ కుహరంలోకి ఎక్కించి చూసినప్పుడు, మెగ్నీషియం పోయినకొద్దీ కణితులూ తగ్గాయి. నీలి రాతినార క్రొసిడొలైట్‌లో చిక్కంతా ఇనుముతో. పోగు మీది ఇనుము, డీఎన్‌ఏను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. తలసీమియా రోగులకిచ్చే డెస్ఫెరియాక్సమిన్ ఆ ఇనుమును పట్టేస్తే వాటి జోరు తగ్గుతుంది. ఉపరితల రసాయనం ముఖ్యమేననడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఆమ్లంలో నానిన పోగు బలం కోల్పోయి ముక్కలవుతుంది కూడా. కణితులు తగ్గింది ఆవేశం మారినందుకా, పోగు పొట్టిదైనందుకా? అమెరికాలో స్టాంటన్ బృందం 1981లో ప్రకటించిన 72 ప్రయోగాల ఫలితాలు ఈ అనుమానాన్ని బలపరుస్తాయి. 8 మైక్రాన్లకు మించిన పొడవు, పావు మైక్రాన్ లోపు మందం ఉండి, ఒంట్లో కరగని పోగులే ఎక్కువగా క్యాన్సర్ తెచ్చాయి, అది గాజుపోగైనా సరే. అంత పొడవు పోగును, బయటి కణాలను మింగి శుభ్రంచేసే మాక్రోఫేజ్ అనే రక్షక కణం పూర్తిగా మింగలేదు. సగం మింగి, దాన్ని వదిలించుకోలేక మంట పుట్టించే రసాయనాలను ఏళ్ల తరబడి వెదజల్లుతుంది. పైగా మనం మార్చిన పైపొర ఊపిరితిత్తుల్లో అలాగే ఉండదు. ఒంట్లోని ప్రొటీన్లు, ఇనుము పోగు మీద కొత్త పూత వేస్తాయి. రోగుల ఊపిరితిత్తుల్లో కనిపించే ఆస్బెస్టాస్ బాడీలు అలా తయారైనవే. పోగులోని ఇనుమొక్కటే కారణం కాదనడానికీ సాక్ష్యముంది: తనలో ఇనుము చాలా తక్కువుండే ఎరియొనైట్ అనే మరో నారఖనిజం టర్కీలోని కప్పడోకియా పల్లెలను మీసోథీలియోమాతో, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్‌తో కుదిపేసింది.

క్రిసోటైల్ నీలి రకంకన్నా త్వరగా కరిగిపోతుంది కదా అన్న వాదన ఉంది. నిజమే. కానీ రోజూ దుమ్ము పీల్చే కార్మికుడిలో కరిగినదాని స్థానంలోకి కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది, జబ్బేమో 20 నుంచి 40 ఏళ్లకు బయటపడుతుంది. సిమెంటులో బిగిసిన నార గాల్లోకి రాదంటారు. రేకును కోసేటప్పుడు, బెజ్జం వేసేటప్పుడు, పాత షెడ్డు కూల్చేటప్పుడు వస్తుంది.

నమ్మదగిన శుద్ధి అంటే నార రూపాన్నే చెరిపేది. 600 నుంచి 800 డిగ్రీల వేడిలో క్రిసోటైల్ నీటిని కోల్పోయి ఫోర్‌స్టరైట్ అనే వేరే ఖనిజంగా మారుతుంది. ఫ్రాన్స్‌లోని మోర్సాన్‌లో ప్లాస్మా మంటతో రాతినార వ్యర్థాలను గాజులా కరిగిస్తున్నారు. 1990లో మూతపడిన ఇటలీ బలాంజెరో గని బండల మీద లైకెన్లు కూడా ఆక్జాలిక్ ఆమ్లంతో పోగులను మెల్లగా నార కాని పదార్థంగా మారుస్తున్నాయని టురిన్ శాస్త్రవేత్తలు గమనించారు. వేడితో చేసే శుద్ధికి ఖర్చు ఎక్కువే, కానీ ఆ ఖర్చు పెట్టాల్సింది కూల్చిన పాత రేకుల మీద. శుద్ధి పేరుతో కొత్త రేకులకు అనుమతి ఇవ్వకూడదు. ఈలోగా మీ ఇంటిమీద రేకులుంటే వాటిని పగలగొట్టకండి, పొడిగా కోయించకండి. తీయక తప్పదంటే ముందు నీళ్లతో తడిపి, పనివాళ్లకు సరైన మాస్కులిచ్చి, రేకులు విరగకుండా దింపించండి.