చర్చి గంటలు

చర్చి గంట అనగా క్రైస్తవుల ప్రార్థనా మందిరంలో ఆరాధన సమయాన్ని, పండుగను, వివాహాన్ని లేదా మరణాన్ని తెలుపుటకు మోగించే లోహపు గంట. సాధారణంగా దీనిని రాగి, తగరముల మిశ్రమమైన కంచుతో పోతపోస్తారు. లోపల వేలాడే భాగాన్ని నాలుక అంటారు.

తెలంగాణలో

2016 వరకు మహబూబ్ నగర్ జిల్లాలో ఉన్న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాలలో 20వ శతాబ్దపు పూర్వార్ధంలో అమెరికన్ మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పనిచేసింది. తెలుగు పల్లెల చర్చిలలో సాధారణంగా ఒకే గంట ఉంటుంది. ఆరాధనకు ముందు మొదటి గంట, రెండవ గంట అని విడతలుగా కొట్టుట వాడుక. గడియారం లేని ఇళ్ళకు ఈ శబ్దమే ఆధారము. ఒక్క గంటకు ఒక్క మనిషి చాలును. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కేథడ్రల్‌కు 1892లో ఇటలీ నుండి ఐదు గంటలు తెప్పించారు.

వరుస మార్చి మోగించుట

అనేక గంటలను కలిపి మోగించే ఒక ప్రత్యేక పద్ధతి 17వ శతాబ్దంలో ఇంగ్లాండులో రూపొందింది. దీనిని ఛేంజ్ రింగింగ్ అంటారు. ఇందులో ప్రతి గంటను ఒక పెద్ద చక్రానికి బిగించి, తాడుతో లాగుతారు. లాగిన ప్రతిసారి గంట దాదాపు పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. ఇంత బరువైన గంటను వెంటవెంటనే మోగించుట సాధ్యము కాదు గనుక పాటల బాణీలు పలికించలేరు. బదులుగా గంటలు మోగే వరుసను మారుస్తారు. ఉదాహరణకు 1, 2, 3, 4 అను వరుస తరువాత 2, 1, 4, 3 రావచ్చును. ఒక మార్పులో ఏ గంటయైనా ఒక్క స్థానమే జరుగుతుంది.

మూడు గంటలకు 6 వరుసలు, ఐదింటికి 120, ఎనిమిదింటికి 40,320 వరుసలు సాధ్యము. 1963లో ఇంగ్లాండులోని లఫ్‌బరోలో ఎనిమిదిమంది ఈ 40,320 వరుసలను సుమారు 18 గంటలపాటు ఆగకుండా మోగించారు. భారతదేశంలో ఈ పద్ధతికి అనువైన ఎనిమిది గంటలు పుణెలోని హోలీ నేమ్ చర్చిలో ఉన్నాయి.

మోగించేవారి సంఘాలు

ఈ పద్ధతిలో సాధారణంగా గంటకొక మనిషి కావలెను. అందువలన ఇంగ్లాండులో ప్రాంతాలవారీగా సంఘాలు ఏర్పడ్డాయి. వీటి కేంద్ర మండలి 1891లో ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 1,400 మంది గంటలు మోగించేవారు మరణించారు. 1940లో శత్రువుల దండయాత్రను తెలుపుటకు తప్ప గంటలు మోగించరాదని ప్రభుత్వం నిషేధించింది. ఈ నిషేధం 1943లో పూర్తిగా తొలగింది. మొదటి యుద్ధం ముగిసి నూరేళ్ళయిన సందర్భంగా 2018లో, మరణించినవారి సంఖ్యకు సమానంగా కొత్తవారిని చేర్చుకొనుటకు పిలుపునిచ్చారు.

ఈ విద్య ఒకరి వద్ద మరొకరు తాడు పట్టి నేర్చుకొనేది. నేర్చుకొనేవారు లేని ఊరిలో గోపురం, గంటలు చెక్కుచెదరక నిలిచి ఉన్నా ఈ వరుసలు వినిపించవు.