అచ్చును పట్టియుంచు బలము

వేటపాలెము జీడిపప్పు పేరు వినని తెలుగు గృహిణి అరుదు. ఆ పప్పు నేడు ప్లాస్టిక్ డబ్బాలలోను ఇంటికి వచ్చుచున్నది. మూత చక్కగా అమరినంత కాలము పప్పు కరకరలాడుచుండును. మూత అంచున ఏ కొంచెము సందున్నను సముద్రపు గాలిలోని చెమ్మ లోనికి జొచ్చి, కొలది దినములలోనే పప్పు మెత్తబడును. అట్టి మూత సరిగా తయారగుటకు ముందుగా వేసికొనవలసిన లెక్క యొకటి కలదు. అది పెద్ద లెక్క కాదు. గుణకారము వచ్చినవారెవరైనను చేయవచ్చును.

మూతను పోయు అచ్చు రెండు ఉక్కు దిమ్మెలుగా ఉండును. వానిని మూసినపుడు నడుమ మూత ఆకారమున ఖాళీ ఏర్పడును. పాలీప్రొపిలీన్ గుళికలను 200 నుండి 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగించి, ఆ ద్రవమును గొప్ప ఒత్తిడితో ఖాళీలోనికి ఎక్కింతురు. అది చల్లారి గట్టిపడిన పిదప దిమ్మెలు విడివడును. మూత బయటకు వచ్చును. దీనినే ఇంజెక్షన్ మౌల్డింగు అందురు. 1872లో అమెరికాలో హయట్ సోదరులు సెల్యులాయిడ్ కొరకు ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందిరి.

గుంటూరు సీమవారికి ప్రత్తి ప్రెస్సు తెలిసినదే. అచ్చట యంత్రము దూదిని నొక్కి 170 కిలోల బేలుగా కుదించును. ఇచ్చట పని వేరు. కరగిన ప్లాస్టిక్కే దిమ్మెలను విడదీయజూచును. అవి విడిపోకుండ యంత్రము గట్టిగా పట్టియుంచవలెను. ఈ పట్టునకు బిగింపు బలమని పేరు. దానిని టన్నులలో చెప్పుదురు. ఒక టన్ను అనగా వేయి కిలోల బరువు మోపునంత బలము.

ఎంత బలము కావలెను? మన వంటయింటి ప్రెషర్ కుక్కరునే చూతము. దాని మూత 20 సెంటీమీటర్ల వెడల్పు గలదనుకొందము. వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఆవిరి ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో చొప్పున నెట్టును. కావున మూతను పైకి లేపు బలము 314 కిలోలు. మూతకు అంత గట్టి పట్టు ఎందుకో, ఆవిరి పోకముందు దానిని ఎందుకు తెరువరాదో ఇందువలన తెలియుచున్నది.

ఇపుడు 10 సెంటీమీటర్ల వెడల్పు గల డబ్బా మూతలు నాలుగింటిని ఒకేసారి పోయు అచ్చును తీసికొందము. ఒక్కొక్క మూత వైశాల్యము 78.5, నాలుగింటికి మరల 314 చదరపు సెంటీమీటర్లే. కాని ఇచ్చట ఒత్తిడి ఒక కిలో కాదు. సాధారణ మందము గల పాలీప్రొపిలీన్ మూతలకు తొలి అంచనాగా చదరపు సెంటీమీటరునకు 300 కిలోలు తీసికొనవచ్చును. ద్రవము పారు కాలువలకు 16 చదరపు సెంటీమీటర్లు చేర్చిన మొత్తము 330. దానిని 300తో గుణించిన 99,000 కిలోలు, అనగా 99 టన్నులు. జాగ్రత్తకై పదింట ఒక వంతు కలిపిన సుమారు 109 టన్నులగును. కావున 100 టన్నుల యంత్రము చాలదు. 120 టన్నులది తగును.

ఇందు ముఖ్యముగా గుర్తింపవలసినది వైశాల్యమును కొలుచు తీరు. దిమ్మెలు విడివడు దిక్కునుండి వెలుగు పడినచో వస్తువు నీడ ఎంత పడునో అంతయే లెక్కకు వచ్చును. మిట్టమధ్యాహ్నము నడినెత్తిన సూర్యుడుండగా నేలపై నిలిపిన బక్కెట్టు నీడ దాని మూతి వెడల్పే గదా! పక్క గోడల వైశాల్యమును కూడి లెక్కించుట పొరపాటు. అయితే గోడ లోతై పలుచనైనచో ద్రవమును చివరివరకు చేర్చుటకు ఒత్తిడి పెంచవలసి యుండును. నీడ మారదు, ఒత్తిడి అంకె మారును. పాలీకార్బొనేట్ వంటి చిక్కని ద్రవములకు కూడ ఆ అంకె పెరుగును. మరియొక సంగతి: యంత్రము ద్రవమును నెట్టు చోటనుండు ఒత్తిడి వేరు, అచ్చు లోపలి ఒత్తిడి వేరు. దారిలో చాల భాగము తరిగిపోవును. మన లెక్కకు కావలసినది లోపలిదే.

బలము తక్కువైనచో దిమ్మెలు వెండ్రుకవాసి విడివడి, ద్రవము ఆ సందున జారి మూత అంచున పలుచని రెక్కగా గట్టిపడును. పనివారు దానిని కత్తితో గీసివేయవలెను; అచ్చు పెదవియు క్రమముగా చెడును. పోనీ యని బలమును మితిమీర పెంచిన మరియొక కీడు. అచ్చులోని గాలి బయటకు పోవు సన్నని దారులు నలిగి మూసికొనును. చిక్కిన గాలి ఒత్తిడిచే వేడెక్కి ప్లాస్టిక్కును మాడ్చి నల్లని మచ్చ చేయును. కరెంటు ఖర్చు సరేసరి.

అప్పు తెచ్చి చిన్న కర్మాగారము పెట్టదలచిన యువకునకు ఈ లెక్క కాగితముపై పావుగంట పని. అది తప్పినచో చాలని యంత్రముతోనో, అవసరమునకు మించిన వాయిదాలతోనో ఏండ్ల తరబడి వేగవలెను. అంచనా వేసిన పిదప అచ్చు చేయువారితోను, ముడిసరుకు అమ్మువారితోను ఒత్తిడి అంకెను సరిచూచుకొనవలెను. 1968లో మద్రాసున నెలకొల్పబడిన సిపెట్ సంస్థకు నేడు హైదరాబాదునను, విజయవాడ చెంత సూరంపల్లిలోను శిక్షణ కేంద్రములు కలవు. ఈ విద్య అచ్చట నేర్పుదురు.

ఈసారి డబ్బా తెరచినపుడు మూత అంచు వెంబడి వ్రేలు నడిపి చూడుడు. నున్నగా నున్నచో పట్టు సరిపోయినదని తలపవచ్చును. సన్నని రెక్క తగిలినచో, అచ్చు అరిగియైన నుండవలెను, లేక బిగింపు బలము చాలకయైన నుండవలెను.